కంపెనీ వాసన

మల్కాపురంలో మా వీధిలో గ్యాసు వాసన వస్తే ఎవరూ లేచి పొయ్యి చూసుకోరు. "కంపెనీ వాసన" అంటారు, చేస్తున్న పని చేసుకుంటూ ఉంటారు. ఏ కంపెనీ అని అడిగితే చెయ్యెత్తి ఒక వైపు చూపిస్తారు. ఆ వైపు రిఫైనరీ ఉంది, ట్యాంకులున్నాయి, లారీలు బారులు తీరే రోడ్డుంది, పోర్టు దాకా పోయే పైపులున్నాయి, పెద్ద మురుగు కాలవ కూడా ఉంది. వాసన వీటిలో దేనిదో, అసలు వీటిలో దేనిదైనా అవునో కాదో ఎవరూ తేల్చుకోలేదు. పెళ్ళై వచ్చిన కొత్తలో వాసన తగిలినప్పుడల్లా నేను వంటగదిలోకి పరిగెత్తేదాన్ని. కొన్నాళ్ళకు మానేశాను. ఆ మాట నాకూ అలవాటైంది.

అలవాటు కానిది మావారొక్కరికే. ఆయన ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా. పిరికివాణ్ణని తనే చెప్పుకునేవారు. వాసన వస్తే లేచి, చెప్పులు వేసుకుని, గేటు దాటి వీధిలో నిలబడి గాలి పీల్చేవారు. మళ్ళీ లోపలికి వచ్చి ఇంకోసారి పీల్చేవారు. బయటే ఎక్కువగా ఉంటే "బయటే" అని చెప్పి కూర్చుని పేపరు తీసేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ అది ఎప్పుడూ బయటే. కింద వాటాలో మా మరిది కాపురం, అత్త ఉండేదీ వాళ్ళతోనే. వాళ్ళ పాప ఎనిమిదేళ్ళది. పెద్దనాన్న వెనకాలే గేటు దాకా నడిచి, ఆయనలాగే ముక్కు ఎగబీల్చి, గొంతు లావు చేసి "బయటే" అనేది. అందరం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు.

శివరాత్రి వెళ్ళిన కొద్ది రోజులకు, ఒక ఉదయం, ఆయన మేడమెట్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటూ పోయారు. నేను మెట్లకు ఇవతలి గదిలోనే ఉన్నాను. పడిన చప్పుడు లేదు, మూలుగు లేదు. ఆఫీసుకు వెళ్ళిపోయారనుకున్నాను. పాప పైకి వచ్చి, "పెద్దమ్మా, పెద్దనాన్న మెట్ల మీద నిద్రపోతున్నాడు" అని చెప్పేదాకా నాకు తెలియదు.

అప్పటి నుంచి నా చెవులకు విశ్రాంతి లేదు. అత్త బాత్‌రూములోకి వెళితే నీళ్ళ చప్పుడు ఆగిందా, గడియ తీసిన చప్పుడు వచ్చిందా అని మేడ మీద నుంచి వింటాను. పాప గంతులేస్తుంటే బాగుంటుంది. గంతులు ఆగితే లేచి నిలబడతాను. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడతాను, కాస్త ఆలస్యమైతే ఎందుకు వేయలేదని భయపడతాను. దువ్వాడలో ఒక కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. చదవడం నాకు జీతం కోసం అలవాటైంది కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఆ నెలల్లో మాత్రం పుస్తకం తెరిచినా పేజీ తిరిగేది కాదు. చదువులో మునిగితే చుట్టూ ఏం వినిపిస్తుందో తెలియదు. అలా ఉండటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఓలమ్మా, దీనికి బెదురు పట్టేసినాది" అంది అత్త. మా అత్తది శ్రీకాకుళం వైపు పల్లె. పోయింది ఆవిడ పెద్దకొడుకు. తన ఏడుపు పక్కన పెట్టి నా చుట్టూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదు. "సూసినావా? కోరు రానేదు. ఎంత బెదురుందో" అంది. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ ఆవిడ చెయ్యి నా తల చుట్టూ తిరుగుతున్నంతసేపూ, ఒక మనిషి ఇంత దగ్గరగా ఊపిరి పీలుస్తూ వినిపిస్తున్నందుకు, కదలకుండా కూర్చున్నాను.

ఆ ఏడు వినాయక చవితి చేయలేదు. దసరా చేయలేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ ఉండదు. పండగ పూట పొయ్యి మీద నూనె మూకుడు పెట్టకూడదు. ఇరుగుపొరుగు వాళ్ళు ఏదైనా పంపిస్తే తింటాం. అవి రెండూ ఇబ్బంది లేకుండానే గడిచాయి. దీపావళి దగ్గర పడ్డాక గొడవ మొదలైంది.

కాలేజీలోనూ అదే చర్చ. ఇళ్ళ దగ్గర బాణసంచా కాల్చడం ఉండాలా వద్దా అని స్టాఫ్ రూములో రోజూ వాదులాట. పొగ గురించి కొందరు, భయపడే కుక్కల గురించి కొందరు, పిల్లలకు ఉన్న ఒక్క సరదా గురించి కొందరు. రెండు పక్షాల మాటలూ నాకు సబబుగానే తోచాయి. మా వీధిలో మైకు కట్టిన ఆటో ఒకటి తిరిగి, ఇళ్ళ మధ్య కాల్చవద్దు, ఖాళీ స్థలాల్లో కాల్చుకోండి అని చెప్పిపోయింది. ఆటో మలుపు తిరగకముందే ఎవరో దాని వెనక సీమటపాకాయ ఒకటి పేల్చారు.

ఆ సాయంత్రం మరిది పోర్టు నుంచి పెద్ద సంచీతో వచ్చాడు. అత్త కింద హాల్లో మంచం మీద కూర్చుని ఉంది.

"ఏట్రా అది?"

"సామాన్లేనమ్మా. గుంట రోజూ ఏడుత్తంది. కొంచెవే తెచ్చినాను."

కొంచెం అన్నది సంచీ మూతి కట్టడానికి వీల్లేకుండా ఉంది. పాప అప్పటికే దాని పక్కన చేరింది.

"ఇంట్లో మనిషి పోయి ఏడు తిరగనేదు. మనకి పండగేట్రా?"

"పండగ సెయ్యమంతన్నానా? గుంట నాలుగు కాకరపువ్వొత్తులు కాలుత్తాది. అది పండగేటి?"

తోటికోడలు వంటగదిలో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కాల్సితే గ్రౌండ్‌లో కాల్పించండి. రైలు గేటు దాటితే బోల్డంత జాగా. ఆటో ఓడు సెప్పినాడు కదా."

అత్త ఒప్పుకోలేదు. "గ్రౌండ్‌లోనా? అందరి ముందా? పెద్దకొడుకు పోయినింటోళ్ళు తారాజువ్వలు ఎగరేత్తన్నారంటే రేపు పాలోడి ముందు తలెత్తగలనా నాను?"

ఎదురింటాయన గుమ్మంలో చేరగిలబడి అంతా వింటున్నాడు. పోర్టులో మరిదితో ఒకే షిఫ్టు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. "అత్తా, నీకో మాట సెప్పనా? ఆ కంపెనీ గొట్టం మీద ఏడాదంతా మంట మండతానే ఉంటాది. దానికి లేని సూతకం మనకేటి? దేవుడు మల్కాపురం మొత్తానికీ ఒకే సిచ్చుబుడ్డి ఎలిగించి పెట్టినాడు."

"నోర్ముయ్ రా" అంది అత్త. నవ్వు ఆపుకుంది.

మరిది నా వైపు తిరిగాడు. "వదినా, నువ్వేటంటావు?"

"వద్దు" అన్నాను.

"ఎందుకు?"

కారణాలు చెప్పాను. ఇంటి పక్క సందు ఇరుకు. వంటగది కిటికీ అటే ఉంది, దాని వెనక తలుపు కూడా అటే తెరుచుకుంటుంది. పైన కరెంటు తీగలున్నాయి. అవన్నీ నిజమే. కానీ నా భయం వేరు. వీధంతా మోగుతున్నప్పుడు ఎవరైనా పడిపోతే వినిపించదు. పిలిచినా వినిపించదు. ఆయన ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే నాకు వినిపించకుండా పోయారు. ఆ చప్పుడులో ఎవరు పోతారో అని నా భయం. ఇది నోటితో చెప్పగలిగిన మాట కాదు.

మరిది మెత్తగానే అన్నాడు. "కిటికీ మూసేత్తాను. బకెట్టు నీళ్ళు పెడతాను. నీకు బెదురు వదినా, తప్పు నేదు. మేడెక్కి తలుపేసుకో. గంటలో అయిపోద్ది."

అప్పుడు పాప అడిగింది. "పెద్దమ్మా, పెద్దనాన్న ఉంటే నాతో కాల్పించేవాడా, లేదా?"

ప్రతి దీపావళికీ ఆయన సందులో నిలబడి, ఒక చేత్తో పాప గౌను వెనక నుంచి పట్టుకుని, ఇంకో చేత్తో బకెట్టు చూసుకుంటూ, ఒక్కొక్కటి కాలగానే "ఇక చాల్లే" అనేవారు. ఆఖరిది అయ్యేదాకా అలా అంటూనే ఉండేవారు.

"కాల్పించేవారు" అన్నాను. ఆ మాటతో వాదన అయిపోయింది.

తీర్పు అత్త చెప్పింది. "సప్పుడు సేసేవి వొగ్గేయండి. సందులోనే. ఈధిలోకి కనపడకూడదు."

"దొంగ దీపావళి బావా ఇది!" అన్నాడు ఎదురింటాయన మరిది వీపు మీద చరిచి. అలా చాటుగా చేయాలి కనుక, గ్రౌండ్ ఉండగా, మా ఇంటికున్న అన్ని చోట్లలోకీ ఇరుకైన చోటు కుదిరింది.

మర్నాడు పొద్దున్నే మరిది సామాన్లు చాటల్లో పోసి మేడ మీద, నా గది ముందు, ఎండబెట్టాడు. సముద్రపు గాలికి అన్నీ చెమ్మగిల్లుతాయి, ఎండకపోతే తుస్సుమంటాయి. చిచ్చుబుడ్లు, భూచక్రాలు, మతాబులు, కాకరపువ్వొత్తులు. అప్పడాల్లా, వడియాల్లా పరిచి ఉన్నాయి. నేను గదిలోకి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా వాటిని దాటాలి. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని దాటేదాన్ని. సాయంత్రం మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. తడిసి పాడైపోతే బాగుండునని రెండు రోజులుగా అనుకుంటున్నాను. చినుకు పడగానే మాత్రం పరిగెత్తి చాటలు లోపలికి తెచ్చి మంచం కింద పెట్టాను. ఆ రాత్రి వాటి మీదే పడుకున్నాను. సరిగా నిద్ర పట్టలేదు.

దీపావళి రోజు పొద్దుటి నుంచీ కంపెనీ వాసన ఉంది. బూరెలు తెచ్చిన పక్కింటావిడ కొంగు ముక్కుకు పెట్టుకుని, "ఇవాళ కంపెనోళ్ళు కూడా పండగ సేసుకుంతన్నారేటి" అంది. మధ్యాహ్నానికి వాసన తగ్గింది. కిటికీ దగ్గర నిలబడి పీల్చి చూశాను. లేదు.

పొద్దు వాలాక అత్త గుమ్మంలో ఒక్క ప్రమిద వెలిగించింది. వరుసలు పెట్టలేదు. దాని ముందు కాసేపు నిలబడి, ఏదో అనుకుని, లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. ఎవరి కోసమో ఎవరమూ అడగలేదు. తోటికోడలు ఎదురింటాయనకూ మాకూ టీకని పాలు పొయ్యి మీద సన్న సెగన పెట్టింది. మరిది నాకిచ్చిన మాట ప్రకారం వంటగది కిటికీ రెక్కలు మూశాడు, వెనక తలుపు దగ్గరికి వేశాడు. వెలుగు బాగా కనపడాలని వంటగది లైటు ఆర్పేశాడు. తలుపు పక్కన ఇటుక మీద మొదటి చిచ్చుబుడ్డి నిలబెట్టి, మిగతావి చాటలో సిద్ధంగా పెట్టాడు. బకెట్టు నిండా నీళ్ళు, దాని మీద తడి గోనె.

నేను మేడ మీదే ఉన్నాను. తలుపు వేసుకోలేదు. వీధి మోగడం మొదలుపెట్టింది. ఎక్కడో సరం అంటుకుని ఆగకుండా పేలుతోంది. కింద ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్క ముక్క కూడా చెవిన పడలేదు. కాసేపు చూసి, కిందికి దిగి, హాల్లో అత్త పక్కన కూర్చున్నాను. ఆవిడ గుండె మీద చీర కదులుతోంది. అది చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు వాసన తగిలింది. మందు పొగ కింద, పల్చగా.

"అత్తా, గ్యాసు వాసన వస్తోంది."

"కంపెనీదే. పొద్దుటనుంచీ ఉన్నాది కదా."

లేచి, హాల్లోంచి సందులోకి ఉన్న పక్క తలుపు దగ్గరికి వెళ్ళాను. తోటికోడలు గోడకు ఆనుకుని నిలబడి పాపను చూస్తోంది. పాప కాకరపువ్వొత్తి తిప్పుతోంది. మరిదీ ఎదురింటాయనా సందు మొదట్లో నిలబడి ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు.

"గ్యాసు వాసన" అన్నాను.

"ఏటక్కా?" తోటికోడలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"వాసన!"

"ఆఁ, కంపెనీ వాసనే. నువ్వు కూసో అక్కా, బయపడకు." నా భుజం తట్టింది. పసిపిల్లను తట్టినట్టు.

వచ్చి కూర్చున్నాను. ఇంటిల్లిపాదీ నాకు బెదురంటున్నారు. కుక్కరు కూతకు ఉలిక్కిపడే మనిషిని. నా ముక్కును నేనెలా నమ్మను? అందరికీ అది కంపెనీ వాసన. నాకూ ఇన్నేళ్ళుగా కంపెనీ వాసనే. కూర్చున్నాను గానీ నా కాళ్ళు గుమ్మం దగ్గరి చెప్పులను వెతుక్కుంటున్నాయి.

లేచాను. చెప్పులు వేసుకుని గేటు దాటి వీధిలోకి వెళ్ళాను.

వీధి నిండా పొగ. ఎవరో పిల్లలు నా కాళ్ళ దగ్గర భూచక్రం వదిలారు. నేను గాలి పీల్చాను. మందు కంపు తప్ప ఏమీ లేదు. ఇంత పొగలో ఏం తెలుస్తుంది అనుకుని వెనక్కి తిరగబోతూ పొగను చూశాను. పొగ మా వీధిలో నిలవడం లేదు. ఇళ్ళ మీదుగా కదులుతోంది. అది పోతున్న వైపు దూరాన రిఫైనరీ గొట్టం మీద మంట ఉంది. ఆ మంట కూడా మాకు ఎడంగా, అవతలికి ఒరిగి ఉంది. గాలి మా వైపు నుంచి అటు వీస్తోంది. అక్కడి నుంచి మాకు వాసన వచ్చే దారి లేదు.

లోపలికి వచ్చాను. హాల్లో వాసన ఉంది. వంటగది గుమ్మంలో ఇంకా చిక్కగా ఉంది. లోపల చీకటి. పొయ్యి మీద మంట నీలంగా కనపడాలి. కనపడలేదు. నా చెయ్యి అలవాటుగా లైటు స్విచ్చు మీదికి వెళ్ళింది. వేలు తగలకముందే వెనక్కి లాక్కున్నాను.

అవతల, వెనక తలుపు కింది సందులో నుంచి కాకరపువ్వొత్తి వెలుగు గచ్చు మీద పడుతోంది. ఆ తలుపు కింద వేలు దూరేంత ఖాళీ ఉంది. పాప తలుపు అవతలే, చిచ్చుబుడ్డి మీదికి వంగి ఉందన్నమాట.

హాలు దాటి సందులోకి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. బకెట్టు ఎత్తి పోశాను. కాకరపువ్వొత్తి మీద, ఇటుక మీద, చాటలో సామాన్ల మీద, పాప మీద. ఒక్కసారిగా చీకటైంది. పాప కెవ్వుమంది.

"లోపలే! లోపలే!" అని అరిచాను.

ఆయన మాటకు ఎదురు మాట అది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనాల్సి రాని మాట. ఆ చప్పుడులో తోటికోడలికి "లోపలికి" అని వినిపించింది. వీధిలో ఏదో ప్రమాదం జరిగింది, లోపలికి పొమ్మంటున్నాను అనుకుంది. ఆమె తప్పు లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. తడిసిన పిల్లను రెక్క పట్టుకుని వెనక తలుపు వైపు, వంటగదిలోకి లాగింది. రెండో చెయ్యి తలుపు మీద ఉంది. లోపలికి అడుగు పెడితే ముందు చేసే పని లైటు వేయడమే.

అరవాల్సిన మాట నా దగ్గర ఇంకొకటి లేదు.

పాప తలుపు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. "లోపలికి కాదమ్మా! లోపల! వాసన లోపల! పెద్దనాన్న సూసే వాసన!"

తోటికోడలు ఆగిపోయింది. అంత దగ్గరగా ఉన్నాక తలుపు కింది నుంచి వస్తున్నది ఆమెకూ తగిలినట్టుంది. "ఓలమ్మో, పాలు!" అంది. పిల్లను ఎత్తుకుని వీధి వైపు పరిగెత్తింది.

తర్వాతవి వెంట వెంటనే జరిగాయి. మరిది తడి గోనె ముఖానికి అడ్డం పెట్టుకుని, వెనక తలుపు బార్లా తెరిచి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి పొయ్యి కట్టేశాడు, సిలిండరు కూడా కట్టేశాడు. ఎదురింటాయన వీధి మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "ఆపండెహే! గ్యాసు! ఎవుడూ ఎలిగించొద్దు! ఒరే, నిన్నే, ఆ సరం పక్కన పడీ!" నేను అత్త కోసం హాల్లోకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద లేదు. గుమ్మంలో వంగి ఉంది. ఆ ఒక్క ప్రమిదనూ అరచేత్తో నొక్కి ఆర్పేసింది. దీపావళి పూట దీపం ఆర్పకూడదని కొన్నేళ్ళ కిందట నన్ను కసిరిన మనిషి ఆవిడే. చెయ్యి కాలింది. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

అందరం వీధిలో నిలబడ్డాం. మా ఇల్లు ఒక్కటే చీకటిగా, అన్ని తలుపులూ తెరుచుకుని ఉంది. ఎదురింటాయన అరుపు చివరి ఇంటి దాకా పాకి, వీధంతా కాసేపు ఆగింది. పక్క వీధులు మోగుతూనే ఉన్నాయి గానీ మా వీధిలో అందరూ మమ్మల్నే చూస్తూ నిలబడ్డారు. తడిసిన పాప పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. అత్త ఊపిరి వినిపించింది. మరిది దగ్గు వినిపించింది. ఒక్కొక్కరినీ విన్నాను. అందరూ ఉన్నారు.

తర్వాత చూస్తే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అంతే. ఏ ఇంట్లోనైనా జరిగేదే. గాలి ఆడి ఉంటే కొంత బయటికి పోయేదేమో, రవ్వలు పడకుండా కిటికీ మూశాం. పాలు మాడిన కంపు ముందే తెలిసేదేమో, మందు పొగలో కలిసిపోయింది. వాసన వాసనగానే వచ్చింది, దానికి మా దగ్గర సిద్ధంగా ఒక పేరుంది.

ఆ రాత్రి ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, నేనూ అది కోరుకోలేదు. ఎదురింటాయన కూడా జోకు వేయలేదు. తోటికోడలు పాప తల తుడుస్తూ, "నాను కంపెనీదన్నాను అక్కా, కంపెనీదన్నాను" అని అదే మాట అంటూ ఉంది. పాపకు మాత్రం కోపం తగ్గలేదు. "సామాన్లన్నీ తడిపేసింది పెద్దమ్మ. అన్నీ పోయాయి" అని వెక్కుతూనే నిద్రపోయింది.

అన్నీ పోలేదు. మా వైపు దీపావళి సామాన్లలో కొన్ని నాగులచవితికి దాచుకుంటారు. పుట్టలో పాలు పోసి వచ్చిన రోజు సాయంత్రం అవి కాలుస్తారు. మర్నాడు మరిది తడిసిన సామాన్లు మళ్ళీ చాటల్లో పోసి మేడ మీద పెట్టాడు. ఈసారి నన్ను అడిగి పెట్టాడు. నేను వాటిని ఎండ తగిలే వైపు తిప్పుతూ వచ్చాను. చిచ్చుబుడ్ల మట్టి మూతులు ఊడిపోయాయి. కాకరపువ్వొత్తులు పొక్కులు లేచాయి.

చవితి రోజు పొద్దు వాలకముందే మరిది సంచీ సర్దుతుంటే, "సందులోనా?" అని పాప అడిగింది.

"గ్రౌండ్‌కి" అంది అత్త. అందరూ ఆవిడ వైపు చూశారు. "ఏటలా సూత్తారు? నవ్వితే నవ్వనీయండి. పాలోడే కదా." కాలిన చేతికి గుడ్డ కట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని మాతో వచ్చింది. దారిలో ఒకరిద్దరు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, అన్నా నాకు వినపడలేదు. ఎండిన వాటిలో కొన్ని తుస్సుమన్నాయి, కొన్ని కాలాయి. నేను పాప గౌను వెనక నుంచి పట్టుకుని నిలబడ్డాను. చప్పుడుకు ప్రతిసారీ నా చెయ్యి బిగిసింది. "ఇక చాల్లే" అనే మాట నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. అది ఆయన మాట.

నా భయం పోయిందని చెప్పలేను. ఇప్పటికీ కుక్కరు కూత కోసం చూస్తాను. కానీ ఇప్పుడు మా ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే కాదు. మొన్న, కార్తీకమాసం చివర, కింద అందరం కూర్చుని అన్నాలు తింటుంటే వాసన వచ్చింది. ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. నేను లేవబోయేలోపు అత్త లేచింది. ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని, చెప్పులు వేసుకుని గేటు దాటింది. వీధిలో నిలబడి పీల్చింది. వంటగదిలోకి వచ్చి పీల్చింది. తన కొడుకు చేసినట్టే, అదే వరుసలో.

"బయటే" అంది కూర్చుంటూ.

తోటికోడలు ఊపిరి వదిలింది. మరిది చారు కలుపుకున్నాడు. పాప మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వైపు చూసింది.

"పెద్దమ్మా, లోపలుంటే బయటికి పోతాం. బయటుంటే ఎక్కడికి పోతాం?"

అత్త నా ముఖం చూసింది. నేను మరిది ముఖం చూశాను. మావారు ఇన్నేళ్ళూ గేటు దాకా వెళ్ళి వచ్చి, ఆ ఒక్క మాటా అని, పేపరు తీసుకుని కూర్చునేవారు. ఈ ప్రశ్న ఆయనకు తట్టలేదా, తట్టే పేపరు తీసేవారా, అడగడానికి ఇప్పుడు వీలు లేదు.

"ముందు అన్నం తిను" అంది అత్త.

నేను లేచి కిటికీ మూశాను.